ఒరిజినల్ మాత్రం ఎవరికీ ఇవ్వకు, బుజ్జీ

చి. బుజ్జికి,

చినతాతయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. చిన్నమ్మమ్మ మోకాళ్లు ఎప్పటిలాగే సణుగుతున్నాయి, ఆవిడా సణుగుతోంది.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నా షుగర్ ఎంతుందో అడిగింది, మీ మావయ్య గృహప్రవేశం కబుర్లు చెప్పింది. అన్నీ అయ్యాక గొంతు తగ్గించి, "అది నెలాఖరుకి ఉద్యోగం మానేస్తుందట బాబాయ్, మనుషుల మొహాలు గీసుకుని బతుకుతుందట. అంతా నీ పోలికే" అంది. ఆ ఆఖరి మాట తిట్టా, మెచ్చుకోలా అని అడిగేలోపు ఫోన్ పెట్టేసింది.

ముందు గుండె గుభేలుమంది. కాసేపటికి లేచి బీరువా తీసి, నీ బొమ్మ అచ్చయిన మాసపత్రిక మళ్లీ తిరగేశాను. హరికథ చెప్పే ఆయన్ని గీశావే, అది. కనుబొమలు నుదుటి మీదకి ఎక్కించి, చిడతలు పట్టిన చెయ్యి కంటే నోరు పెద్దది చేసి, ఆయన పాట వినపడేలా గీశావు. చిన్నమ్మమ్మ నిద్రమత్తులో "ఈ అర్ధరాత్రి నవ్వేమిటి" అని కసిరింది కూడా. కానీ ఆ రెండో చెయ్యి ఎక్కడికి పోయింది? ఉత్తరీయం కింద దాచేశావు. చేతులు గీయడం రానివాళ్లు ఎప్పుడూ ఇదే పని చేస్తారు, జేబుల్లో పెడతారు, కండువా కప్పుతారు, మైకు వెనక్కి తోస్తారు. నాకు తెలియదనుకున్నావా? ఆ దొంగతనాలన్నీ మా తరం కనిపెట్టినవే. రోజూ నీ ఎడమ చేతినే ఎదురుగా పెట్టుకుని గీయి.

ముందు మామూలు సంగతులు. ఆరు నెలల ఖర్చులకు సరిపడా డబ్బు బ్యాంకులో వేసుకున్నాకే రాజీనామా ఇవ్వు. ఆఫీసు వాళ్ల హెల్త్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతో పాటే పోతుంది, సొంతంగా ఒకటి తీసుకో. నడుముకి మంచి కుర్చీ కొనుక్కో. మధ్యమధ్య లేచి కిటికీలోంచి దూరంగా ఏదైనా చూడు. నా కళ్లు ఏమయ్యాయో చూశావుగా.

"ఆర్ట్ కాలేజీ గడప తొక్కలేదు, దీనికి ఎవరు పని ఇస్తారు బాబాయ్" అని మీ అమ్మ బెంగ. ఆ బెంగ నువ్వు పెట్టుకోకు. కార్టూనిస్టు ఆర్.కె.లక్ష్మణ్‌కి బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో సీటు ఇవ్వలేదు, నీ బొమ్మల్లో మాకు కావలసిన ప్రతిభ లేదన్నారు. తర్వాత అదే ఊళ్లో 1951 నుంచి ఆయన గీసిన కామన్ మ్యాన్ బొమ్మ ప్రతి పొద్దునా టైమ్స్ ఆఫ్ ఇండియా మొదటి పేజీలో కూర్చుంది. బాపు గారు చదివింది లా. జయదేవ్ గారు మద్రాసు కాలేజీలో జువాలజీ పాఠాలు చెబుతూ కార్టూన్లు వేశారు. రాగతి పండరి గారి సంగతి నీకు చిన్నప్పుడు చెప్పాను, గుర్తుందా? విశాఖపట్నం ఆవిడ, పోలియో. ఇంట్లో కూర్చునే గీసి, పోస్టులో పంపి, పత్రికల్లో మగవాళ్ల మధ్య పేరు తెచ్చుకున్నారు. తెలుగులో మొదటి మహిళా కార్టూనిస్టు అంటే అందరూ ఆవిడ పేరే చెబుతారు. 2015లో పోయారు. యాభై ఏళ్లు కూడా నిండలేదు. మీ అమ్మకి ఈసారి ఆవిడ గురించి చెప్పు, లక్ష్మణ్ గురించి కాదు.

గురువు లేకపోతే ఒకటే ఇబ్బంది, ఎదుట ఏది కనపడితే అదే గురువవుతుంది. మా కాలంలో కొత్తగా గీసేవాళ్లందరికీ బాపు గీతే వచ్చేది. వెన్నకాగితం పెట్టి దిద్దుకుని నేర్చుకున్నవాళ్లం మరి. ఒక సంపాదకుడు మా బొమ్మల కట్ట తిప్పి పంపుతూ, "బాపు గారి బొమ్మలు బాపు గారు వేస్తూనే ఉన్నారు" అని ఒక్క ముక్క రాశాడు. ఆ కోపంతో బెజవాడ బస్టాండులో బెంచీల మీద కూర్చుని, బస్సు కోసం ఎదురుచూసేవాళ్లను గీయడం మొదలుపెట్టాం. బస్సు రావడం ఆలస్యమయ్యే కొద్దీ మనిషి మొహం ఎలా మారుతుందో ఏ కాలేజీ చెబుతుంది?

నువ్వు కూడా బయటికి వెళ్లి గీయి. ఇన్‌స్టాగ్రామ్‌లో వాళ్లూ వీళ్లూ పంపే సెల్ఫీలు చూసి గీస్తున్నావని తెలిసింది. సెల్ఫీ మూరెడు దూరం నుంచి తీస్తారు. అంత దగ్గరగా తీస్తే ముక్కు ఉబ్బుతుంది, చెవులు వెనక్కి పోతాయి. క్యారికేచర్, అంటే మొహంలో ఉన్నదాన్ని పెంచి గీసే బొమ్మ, నీకంటే ముందే ఫోను వేసేసింది. దాని మీద నువ్వు ఇంకో క్యారికేచర్ వేస్తున్నావు, అందుకే నీ బొమ్మల్లో సగం మంది ముక్కులు ఒకేలా ఉంటున్నాయి. ఐదారడుగుల దూరం నుంచి వేరేవాళ్లు తీసిన ఫోటో అడుగు. మాట్లాడుతున్న వీడియో ఉంటే ఇంకా మంచిది.

పోలిక ముక్కులో ఉండదు. కంటికీ కనుబొమకీ మధ్య ఎంత జాగా, ముక్కు చివరికీ పై పెదవికీ మధ్య ఎంత జాగా, ముందు అది చూడు. మామూలు మొహంలో కంటే ఎక్కడ ఎక్కువ ఉంది, ఎక్కడ తక్కువ ఉంది? ఎక్కువున్నచోట ఇంకాస్త లాగు, తక్కువున్నచోట ఇంకాస్త నొక్కు. తల ఆకారం ముందు, కళ్లు చివర. కళ్లతో మొదలుపెట్టేవాళ్లు కళ్లు బాగా వచ్చాయన్న మురిపెంతో మిగతా మొహమంతా వాటికి సరిపెట్టేస్తారు.

ఇంకొకటి, దీని మీద నాతో చాలామంది గొడవపడ్డారు. పుట్టుకతో వచ్చిన లోపాన్ని పట్టుకుని గీయకు. మెల్లకన్ను, బొల్లి, కుంటి కాలు, వీటిని పెంచి గీస్తే నవ్వేవాళ్లు దొరుకుతారు, దొరకరని కాదు. కానీ అవి ఆ మనిషి చేసుకున్నవి కావు. పంచె ఎలా కడతాడు, ఫోన్ ఎలా పట్టుకుంటాడు, చిన్నవాళ్లతో మాట్లాడేటప్పుడు గడ్డం ఎంత పైకెత్తుతాడు, అవన్నీ వాడు ఏళ్ల తరబడి సొంతంగా పెంచుకున్నవి. వాటిని ఎంత సాగదీసినా తప్పులేదు. ఒంటి నలుపు కూడా పుట్టుకతో వచ్చిందే. పెళ్లివాళ్లు "అమ్మాయిని కాస్త ఫేర్‌గా వేయండి" అంటారు. వేయకు. వేస్తే అది ఇంకెవరి బొమ్మో అవుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ అమ్మ మాటల్లో మాటగా ఒకటి అంది. ఆ పత్రిక వాళ్లకి ఐప్యాడ్ ఫైలు మొత్తం, లేయర్లతో సహా, అంటే గీత ఒక పొర, రంగు ఒక పొరగా విడివిడిగా ఉన్నదాన్ని పంపేశావట. "వాళ్లే రంగులు సరిచూసుకుంటారు" అన్నావట. నువ్వు ఉద్యోగం మానేస్తావన్నందుకు కాదు, ఈ మాటకే నాకు రాత్రంతా నిద్రపట్టలేదు.

సత్యనారాయణపురంలో నాతో ఒకే గదిలో ఉన్నవాడి గురించి నీకెప్పుడూ చెప్పలేదు. పేరు రాయను, వాడి పిల్లలు ఉన్నారు. పగలు షాపులకు బోర్డులు రాసేవాడు. రాత్రి లాంతరంత బల్బు కింద కూర్చుని క్యారికేచర్లు గీసేవాడు. వాడికీ ఎవరూ నేర్పలేదు. రేలంగిని రెండు మూడు గీతల్లో మన ముందు నిలబెట్టేవాడు. ఎస్.వి.రంగారావుకి ఒక్కోసారి ముక్కే వేసేవాడు కాదు, ఆ కనుబొమలూ ఆ భుజాల పొగరూ చాలు. ఒక వారపత్రికలో వాడికి పేజీ ఉండేది. ఏళ్ల తరబడి ఉండేది. మా అందరికంటే వాడే గొప్పవాడు, ఇది నేను మొహమాటానికి రాస్తున్నది కాదు.

అప్పట్లో బొమ్మ అచ్చుకి ఎలా వెళ్లేదో నీకు తెలియాలి. అచ్చులో ఉండే సైజుకి ఒకటిన్నర రెట్లు, రెండు రెట్లు పెద్దగా బ్రిస్టల్ బోర్డు అనే నున్నటి మందపాటి అట్ట మీద గీసేవాళ్లం. ముందు లేత నీలం పెన్సిల్, అది కెమెరాకి చిక్కదు. దాని మీద క్రోక్విల్ నిబ్బుతోనో, సన్న బ్రష్షుతోనో ఇండియన్ ఇంకు. తప్పుపోతే పోస్టర్ వైట్. ఆ బోర్డు బ్లాకులు చేసేవాళ్ల దగ్గరికి వెళ్లేది. వాళ్లు ఫిల్ము తీసి, జింకు రేకు మీదకి దింపి, యాసిడ్‌లో వేస్తే గీత లేనిచోట జింకు కరిగిపోయి గీత మాత్రం ఎత్తుగా నిలిచేది. గీతలు మరీ దగ్గర దగ్గరగా ఉంటే మధ్యలో ఇంకు నిండి మసి మరకలా అచ్చయ్యేది. మా తరం బొమ్మల్లో గాలి ఆడుతుందని నువ్వు మెచ్చుకుంటావే, అది కళ కాదు తల్లీ, జింకు భయం.

బ్లాకు తయారయ్యాక బోర్డు మళ్లీ ఆఫీసుకి వచ్చేది, మార్జిన్‌లో ఇన్ని అంగుళాలు అని కొలతలు రాసి. దాన్ని అడిగి ఇంటికి తెచ్చుకోవాలి. వాడు తెచ్చుకునేవాడు కాదు. "పత్రిక మనది కాదట్రా? అక్కడుంటే భద్రంగా ఉంటుంది" అనేవాడు. వాడికి అదొక గౌరవం. ఆఫీసు బీరువాలో తన బొమ్మలు ఉన్నాయంటే తనకీ ఆ ఆఫీసులో ఒక కుర్చీ ఉన్నట్టే అనుకునేవాడు. ఉద్యోగి కాదు పాపం, బొమ్మకింత అని ఇచ్చేవాళ్లు. తెచ్చుకోమని నేను మొత్తుకున్నాను. నాకు పిసినారి బుద్ధని వెక్కిరించాడు.

తర్వాత బ్లాకులతో పనిలేని ఆఫ్‌సెట్ అచ్చు వచ్చింది. ఆఫీసు ఇల్లు మారింది. ఏదో పనిమీద నేను అక్కడికి వెళితే, టీ గ్లాసుల కింద వాడి బోర్డు ఉంది. సావిత్రి మొహం మీద గ్లాసు అడుగు గుండ్రంగా అచ్చు పడింది. తిరిగొచ్చిన పత్రికల కట్టలకు కిందా పైనా అట్టలుగా ఇంకొన్ని. మిగతావి ఏవి అని అడిగితే, పాత పేపర్లవాడికి తూకానికి వేశామన్నారు. ఎవరూ కక్షతో చేయలేదు, నాకదే ఎక్కువ బాధ. ఆ గదిలో ఉన్నవాళ్లకు అవి అట్టలు, అంతే.

వాడికి చెప్పడానికి నా నోరు రాలేదు. వాడికి ఎవరు చెప్పారో తెలియదు. చాలా ఏళ్లకు ఒక ప్రచురణకర్త వచ్చి, ఆ పేజీలన్నీ పుస్తకంగా వేద్దామన్నాడు. వాడు ఎంత సంబరపడ్డాడో! పాత సంచికల కోసం లైబ్రరీలు తిరిగాం, ఏలూరు రోడ్డు పాత పుస్తకాల షాపులు గాలించాం. దొరికినవి దొరికాయి. కానీ న్యూస్‌ప్రింట్ గోధుమరంగు తిరిగి, వెనక పేజీ అక్షరాలు మొహాల్లోంచి కనిపిస్తున్నాయి. వాటికి మళ్లీ ఫోటో తీస్తే సన్న గీతలు మాయం, లావు గీతలు ముద్ద. ప్రచురణకర్త మంచివాడే, నాలుగు పేజీలు వేయించి చూసి, "ఇలా వేస్తే మీకే అవమానం గురువుగారూ" అన్నాడు. పుస్తకం రాలేదు.

వాడు పోయాక వాడి కూతురు వచ్చింది. "బాబాయ్, నాన్న చేత్తో గీసింది ఒక్కటైనా ఉందా?" అంది. ఉంది, ఒకే ఒక్కటి. దాని వెనకవైపు మేం ఆ నెల పాల లెక్క రాసుకున్నాం, అందుకని అది ఆఫీసుకి వెళ్లలేదు. ఆ పిల్లకి ఇచ్చేశాను. ముందువైపు నటుడు గుమ్మడి మొహం, వెనకవైపు అరలీటరు, అరలీటరు, నాగా. నువ్వు ఏ మ్యూజియంలోనూ అలాంటిది చూడవు.

వినవే, దీని తర్వాతే నేను కాపీరైట్ చట్టం చదివాను. వకీలుని కాను, కానీ ఇంతవరకు తెలుసు. 1957 చట్టం ప్రకారం, బయటి నుంచి బొమ్మలు ఇచ్చే ఆర్టిస్టు రాతపూర్వకంగా సంతకం పెట్టి రాసివ్వనంతవరకు హక్కు ఆర్టిస్టుదే. పత్రికలో జీతానికి పనిచేస్తే, పత్రికల్లో అచ్చువేసుకునే హక్కు యజమానిది, మిగతావి, అంటే పుస్తకాలు, బొమ్మల అమ్మకాలు, ఆర్టిస్టువి, వేరే ఒప్పందం లేకపోతే. రాసిచ్చిన కాగితంలో ఎన్నేళ్లకో లేకపోతే ఐదేళ్లే అని లెక్క. మనం పోయాక ఇంకో 60 ఏళ్లు ఆ హక్కు వారసులకు ఉంటుంది. అంటే మావాడి హక్కు ఇవాళ్టికీ వాడి పిల్లల దగ్గర భద్రంగానే ఉంది. బొమ్మలే లేవు.

నీకేమో ఈ భయం లేదు. ఐప్యాడ్‌లో ఒరిజినల్ ఏమిటి తాతయ్యా అని నవ్వుతావు. ఆ లేయర్ల ఫైలే నీ బ్రిస్టల్ బోర్డు. వాళ్లకి అచ్చుకి కావలసింది 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన, లేయర్లన్నీ కలిపేసిన ఫైలు, అది పంపు చాలు. లేయర్ల ఫైలు నీ దగ్గర ఒకటి, ఇంట్లో కాకుండా ఇంకోచోట ఒకటి. నీ ఫైలు ఉన్నవాడు రేపు మీసం తీసేసి, గడ్డం పెట్టి, నీ సంతకం మాత్రం అలాగే ఉంచి ఇంకేదో పార్టీ పోస్టరుకి వాడుకుంటే? కోర్టుకి వెళ్లవచ్చు, దానికీ చట్టంలో సెక్షన్ ఉంది. కోర్టుల చుట్టూ తిరగడానికి నీకు వయసుంది, నాకు లేదు. ఇక "అన్ని మాధ్యమాల్లో, ప్రపంచమంతటా, శాశ్వతంగా" అని ఉన్న కాగితం కనపడితే కలం మూసెయ్యి. ఈ మధ్య బొమ్మల్ని ఏఐ మెషీన్లకు నేర్పడానికి మేత వేసుకుంటామని కూడా చిన్న అక్షరాల్లో రాస్తున్నారట, అది కూడా వెతుకు.

పెళ్లిళ్లకి వెళ్లి అక్కడికక్కడే గీస్తున్నావని విన్నాను. మంచి సాధన, ఐదు నిమిషాల్లో మనిషి లేచిపోతాడు కాబట్టి నసగడానికి టైముండదు. అడ్వాన్సు సగం తీసుకో. లేకపోతే చివర్లో "భోజనం చేసి వెళ్లమ్మా" అని మర్యాదగా పంపేస్తారు, నాకు ఆ మర్యాద చాలాసార్లు జరిగింది. ఇక్కడ చట్టం మన వైపు లేదు సుమా. డబ్బిచ్చి చేయించుకున్న పోర్ట్రెయిట్ హక్కు, వేరే మాట అనుకోకపోతే, చేయించుకున్నవాళ్లదే. నీ ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకోవాలంటే ముందే ఒక లైను రాయించుకో.

రాజకీయ నాయకుల్ని గీస్తావు, గీయకుండా ఉండలేవు. అది నాకు భయం. 1987లో తమిళ పత్రిక ఆనంద వికటన్ అట్ట మీద ఒక జోకు వేసింది. వేదిక మీదున్న ఇద్దరిలో ఎమ్మెల్యే ఎవరు, మంత్రి ఎవరు అంటే, జేబుదొంగలా ఉన్నాయన ఎమ్మెల్యే, ముసుగుదొంగలా ఉన్నాయన మంత్రి అని. ఎవరి పేరూ లేదు. తమిళనాడు అసెంబ్లీ ఆ సంపాదకుడు బాలసుబ్రమణియన్‌కి మూడు నెలల జైలు వేసింది. ఊరంతా గోల చేస్తే రెండు మూడు రోజుల్లో వదిలారు. ఆయన కోర్టుకెక్కితే 1994లో మద్రాసు హైకోర్టు ఆయనకి వెయ్యి రూపాయల పరిహారం ఇప్పించింది. అది పెద్ద పత్రిక, వెనక జనం ఉన్నారు. నువ్వు గచ్చిబౌలిలో ఒక్కదానివి అద్దె గదిలో ఉంటావు. గీయొద్దనను. ఏ వార్త చూసి గీశావో ఆ వార్త కత్తిరించి తేదీతో దాచుకో. వాళ్ల పదవిలో చేసినదాన్ని గీయి, భార్యాపిల్లల జోలికి పోకు. బొమ్మ పెట్టిన రాత్రి కామెంట్లు చదవకు, టెన్షన్ తప్ప ఇంకేం రాదు. అవసరమైతే ఆ వారం ఇక్కడికి వచ్చెయ్యి. మేడ మీద గది ఖాళీగానే ఉంది, నీ వైఫై కూడా పెట్టిస్తాను.

పత్రికలు ఎన్నాళ్లుంటాయని అడుగుతావేమో. కార్టూన్ల వారపత్రిక శంకర్స్ వీక్లీ అంతటిది 1948లో మొదలై 1975లో మూతపడింది. మన వారపత్రికలు కరోనా తర్వాత ఎన్ని అచ్చు ఆపేశాయో నీకే తెలుసు. కాబట్టి ఒక్క పత్రికనే నమ్ముకోకు. మరీ పది చోట్లకి పరిగెత్తకు కూడా, చెయ్యి పాడవుతుంది.

ఒప్పందం చిన్నదైనా పెద్దదైనా సంతకం పెట్టే ముందు ఆ కాగితం ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పెట్టు. అన్ని పేజీలూ పెట్టు, చివరి పేజీ వెనక కూడా. మొన్ననే కళ్లద్దాలు మార్చుకున్నాను, చిన్న అక్షరాలు చదవగలను. పొద్దున తొమ్మిది లోపు పంపితే మధ్యాహ్నానికి చెబుతాను. ఈలోపు ఆ మాసపత్రిక వాళ్లకి ఫోన్ చేసి, పంపిన లేయర్ల ఫైలు తీసేయమని మర్యాదగా అడుగు, అడిగినట్టు మెయిల్ కూడా పెట్టు.

మీ చినతాతయ్య